హ్యాండిల్ నుంచి సెల్ఫ్ వరకు: తుని రహదారి మీద స్టార్టర్ మోటారు చరిత్ర

ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది ఒక చిన్న యంత్రభాగం చరిత్ర. పాఠ్యగ్రంథాలు దానిని స్టార్టర్ మోటారు అంటాయి. తునిలోనూ, పాయకరావుపేటలోనూ, ఆ మాటకొస్తే తెలుగునాట ఏ షెడ్డులోనైనా దానిని 'సెల్ఫ్' అనే అంటారు. 'సెల్ఫ్ కొట్టు', 'సెల్ఫ్ తీసుకోవడం లేదు', 'సెల్ఫ్ పోయింది' అన్న మాటలు మీరు వినే ఉంటారు. ఈ పేరే మనకు దొరికే మొదటి చారిత్రక ఆధారం. 'సెల్ఫ్ స్టార్టర్' అన్న మాట మోటారు వాహనాల తొలి దశాబ్దాల నాటిది. బండి తనంతట తానే స్టార్టవుతుందనీ, మనిషి చెయ్యి అక్కరలేదనీ దాని అర్థం. ఆ జంట పదంలో రెండో సగం రాలిపోయి మొదటి సగం మన వాడుకలో స్థిరపడింది. ఒక పేరు ఇలా నిలిచిపోయినప్పుడు, అది పుట్టిన రోజున దేనికి ఎదురుగా పుట్టిందో వెతకాలి. ఇక్కడ ఎదురుగా ఉన్న పదం 'హ్యాండిల్'.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఇంజన్‌ను స్టార్టు చేసే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు. ఆ మార్పు మన ప్రాంతపు శ్రమ వ్యవస్థను ఎలా తాకిందో చర్చించగలుగుతారు. అంతకన్నా ముఖ్యంగా, స్టార్టు కాని బండి ముందు నిలబడి లోపం ఎక్కడుందో తేల్చే మెకానిక్ ఆలోచనకూ, ఆధారాలను తూచే చరిత్రకారుడి ఆలోచనకూ ఉన్న పోలికను గుర్తించగలుగుతారు. ఇది ఇంజనీరింగు పాఠం కాదు. అయినా యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాని చరిత్ర రాస్తే అది పేర్లూ తేదీల పట్టికే అవుతుంది. అందుచేత కొంత యంత్రశాస్త్రం తప్పదు.

తునినే ఎందుకు తీసుకున్నాం?

తుని తాండవ నది ఒడ్డున ఉంది. నది దాటితే పాయకరావుపేట. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకు ఇది ఈశాన్యపు అంచు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజన తరువాత తుని కాకినాడ జిల్లాలోకి, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. మద్రాసు నుంచి కలకత్తాకు వెళ్ళే రైలు మార్గం 1890లలో ఈ ఊరి మీదుగా పడింది. అదే దారిలో సాగే ట్రంకు రోడ్డు తరువాత 5వ నంబరు జాతీయ రహదారి అయింది. ఇప్పుడు దాని నంబరు 16. ఒకవైపు డెల్టా, మరొకవైపు విశాఖపట్నం, వెనుక మన్యం కొండలు. ఈ మూడింటి మధ్య సరుకు కదలాలంటే తునిలో బండి ఆగక తప్పదు. తుని తమలపాకులకు పేరు పొందిన ఊరు. మామిడి కూడా ఇక్కడి వ్యాపారమే. ఆకైనా పండైనా వేచి ఉండే సరుకు కాదు. ఉదయం నాలుగు గంటలకు బండి స్టార్టు కాకపోతే ఆ నష్టం మధ్యాహ్నానికే కళ్ళ ముందు కనబడుతుంది.

మరొక కారణం కూడా ఉంది. తునికి దగ్గరలోని లోవలో తలుపులమ్మ తల్లి కొలువై ఉంది. కొత్త బండి కొన్నవారు ఇక్కడికి వచ్చి వాహన పూజ చేయించుకోవడం ఈ ప్రాంతపు ఆచారం. గోదావరి, విశాఖ జిల్లాల లారీల మీద, ఆటోల మీద ఆ తల్లి పేరు రంగులతో రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. గ్రామదేవత ఆరాధన పాతది, మోటారు బండి కొత్తది. ఈ రెండూ కలిసిన చోట జనం యంత్రాన్ని తమ జీవితంలోకి ఎలా తీసుకున్నారన్నది స్పష్టంగా కనిపిస్తుంది. ఈ విషయం మీద మంచి పరిశోధన వ్యాసం రాయవచ్చు. మన దారి వేరు కనుక ఇక్కడితో ఆపుతాను.

హ్యాండిల్ కాలం

ఆవిరి ఇంజన్‌కు స్టార్టర్ అక్కరలేదు. బాయిలరులో పీడనం సిద్ధంగా ఉంటుంది. కవాటం తెరిస్తే పిస్టన్ కదులుతుంది. పెట్రోలు, డీజిలు ఇంజన్ల సంగతి వేరు. అవి తమ శక్తిని తామే తయారు చేసుకోవాలంటే ముందు గాలినీ ఇంధనాన్నీ లోపలికి పీల్చాలి, దానిని అదిమి పెట్టాలి. ఆ తరువాతే మంట, ఆ తరువాతే శక్తి. అంటే తిరుగుతున్న ఇంజనే తిరగగలదు, ఆగిన ఇంజన్ తనంతట తాను లేవలేదు. మొదటి రెండు మూడు చుట్లు బయటివారెవరో తిప్పి పెట్టాలి. అంతర్దహన యంత్రానికి పుట్టుకతో వచ్చిన ఈ లోపాన్ని సుమారు పాతికేళ్ళ పాటు మనిషి భుజమే పూరించింది.

బండి ముందు భాగంలో రేడియేటరు కింద ఒక రంధ్రం ఉండేది. అందులో మెలిక తిరిగిన ఇనుప కడ్డీని దూర్చి క్రాంక్ షాఫ్టుకు తగిలించి బలంగా పైకి లాగేవారు. కిందికి నొక్కడం ప్రమాదం, పైకి లాగడమే పద్ధతి. దీనికి కారణం తెలుసుకోవాలి. పాత బండ్లలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో డ్రైవరే ఒక చిన్న లివరుతో సరిచేయాలి. స్టార్టు చేసేటప్పుడు దానిని వెనక్కి పెట్టాలి. మరచిపోయి ముందుకే ఉంచితే పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకొని ఇంజన్ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. చేతిలోని హ్యాండిల్ గుర్రం తన్నినట్టు తంతుంది. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించి పట్టుకుంటే వేలు గానీ మణికట్టు గానీ పోతుంది. అందుకే బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకోవాలని గురువు మొదటి రోజే నేర్పేవాడు. మణికట్టు దగ్గర ఎముక చివర విరగడాన్ని వైద్యులు నేటికీ 'షోఫర్ ఫ్రాక్చర్' అంటారు. ఆ విరుపును 1866లోనే జొనాథన్ హచిన్సన్ అనే శస్త్రవైద్యుడు వర్ణించాడు. అప్పటికి మోటారు కారు లేదు. కారు వచ్చాక, హ్యాండిల్ తన్నుళ్ళ వల్ల ఆ గాయం ఎంత మామూలైపోయిందంటే దానికి డ్రైవర్ల పేరే స్థిరపడింది.

మన దేశంలో 1914లో తొలి అఖిల భారత మోటారు వాహనాల చట్టం వచ్చింది. 1928లో జనరల్ మోటార్స్ సంస్థ బొంబాయిలో షెవ్రొలే బండ్ల కూర్పు మొదలుపెట్టింది. నిజాం రాష్ట్రంలో 1932లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం ప్రారంభమైంది. కోస్తాలో అప్పుడు నడిచినవి ప్రైవేటు యజమానుల సర్వీసు బస్సులు. ఈ బస్సుల మీద డ్రైవరుకు తోడుగా ఒక క్లీనరు ఉండేవాడు. పేరుకు క్లీనరే గానీ తుడవడం అతని పనిలో చిన్న భాగం. రేడియేటరులో నీళ్ళు పోయాలి, టైరు విప్పాలి, మూటలు పైకెక్కించాలి, తెల్లవారుజామున హ్యాండిల్ కొట్టాలి. డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చొని లివరు చూసుకునేవాడు. తప్పు లివరుది, దెబ్బ క్లీనరుది. ఈ పని విభజనను గమనించండి. యంత్రం వల్ల కలిగే ప్రమాదం ఎవరి చేతి మీద పడాలన్నది యంత్రం నిర్ణయించలేదు, హోదా నిర్ణయించింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టడంతో బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనుక పెద్ద డ్రమ్ము లాంటి కొలిమిలో కట్టెబొగ్గు రాజేసి, అందులో పుట్టే వాయువుతో ఇంజన్ నడిపేవారు. బస్సు బయలుదేరడానికి చాలా ముందే లేచి, చేతితో తిప్పే బ్లోయరుతో ఆ నిప్పును రాజేయడం కూడా క్లీనరు పనే అయింది. పెద్దవారిని అడిగితే బొగ్గు బస్సుల కథలు ఇంకా దొరుకుతాయి. ఎత్తు ఎక్కలేక దిగి తోయించుకున్న కథలు వాటిలో ఎక్కువ.

కెటరింగ్, ఒక కథ, ఒక తేదీ

హ్యాండిల్‌ను తప్పించాలన్న ప్రయత్నం చాలా మంది చేశారు. అదిమిన గాలి, స్ప్రింగులు, ఎసిటిలిన్ వాయువు అన్నీ వాడి చూశారు. ఇంగ్లండులో 1896లోనే ఒక ఆర్నాల్డ్ కారుకు డౌసింగ్ అనే ఇంజనీరు విద్యుత్ మోటారు అమర్చాడు. అమెరికాలో క్లైడ్ కోల్మన్‌కు 1903లో పేటెంటు లభించింది. ఇవేవీ నిలవలేదు. ఆ రోజుల్లో అందరి లెక్కా ఒకటే. ఇంజన్‌ను తిప్పగల మోటారు చాలా పెద్దదై ఉండాలి, దానికి తగిన బ్యాటరీ ఇంకా పెద్దదై ఉండాలి, అంత బరువు మోయడానికి కారు చాలదు.

ఈ లెక్కను మార్చినవాడు చార్లెస్ కెటరింగ్. అతడు అంతకుముందు అమెరికాలోని డేటన్ నగరంలో, దుకాణాలలో డబ్బు లెక్కించే క్యాష్ రిజిస్టరు యంత్రాల కంపెనీలో పనిచేశాడు. ఆ యంత్రపు సొరుగును తెరవడానికి ఒక చిన్న మోటారు తయారుచేశాడు. అక్కడ అతనికి ఒక విషయం బోధపడింది. మోటారు రోజంతా తిరగనక్కరలేదు, ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. ఒక్క క్షణానికైతే చిన్న మోటారు మీద కూడా దాని శక్తికి మించిన భారం వేయవచ్చు, అది వేడెక్కి కాలిపోయేలోపు పని పూర్తవుతుంది. ఈ ఆలోచనతో డెల్కో సంస్థ తయారు చేసిన విద్యుత్ స్టార్టరు 1912 మోడలు కాడిలాక్ కార్లలో వచ్చింది. 1911లో దరఖాస్తు చేసిన పేటెంటు 1915లో మంజూరైంది. కాడిలాక్ అధిపతి హెన్రీ లేలాండ్. అదే దశాబ్దంలో విన్సెంట్ బెండిక్స్ రూపొందించిన పళ్ళచక్రపు అమరిక వాడుకలోకి వచ్చింది. మోటారు తిరగగానే చిన్న చక్రం ముందుకు జరిగి ఇంజన్ ఫ్లైవీలు రింగును పట్టుకుంటుంది, ఇంజన్ లేవగానే వదిలేస్తుంది. ఆ అమెరికన్ ఇంటిపేరు ఈనాటికీ తుని షెడ్డుల్లో ఒక సామాను పేరుగా బతికి ఉంది. 'బెండిక్స్ అరిగిపోయిందండీ' అంటే అది ఒక మనిషి పేరని చెప్పేవారికీ వినేవారికీ తెలియనక్కరలేదు.

ఇక కథ సంగతి. మోటారు చరిత్ర పుస్తకాలలో తరచు కనిపించేది ఇది. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు, లేలాండ్‌కు మిత్రుడు, 1910 చలికాలంలో డెట్రాయిట్ దగ్గర వంతెన మీద కారు ఆగిపోయి నిలబడిన ఒక మహిళకు సాయం చేయబోయాడు. హ్యాండిల్ తన్ని అతని దవడ విరిగింది. కొద్ది రోజులకు న్యుమోనియాతో చనిపోయాడు. తన కంపెనీ కారు ఒక మిత్రుడి ప్రాణం తీసిందని కుమిలిపోయిన లేలాండ్, హ్యాండిల్ అన్నది ఇక ఉండకూడదని కెటరింగ్‌ను పిలిపించాడు. వినడానికి బాగుంది. చిక్కు ఒక్కటే: బైరన్ కార్టర్ 1908 ఏప్రిల్‌లోనే మరణించాడు.

ఇలాంటి చోట మీరేం చేస్తారు? కథంతా అబద్ధమని కొట్టిపారేయడం తొందరపాటు. ప్రమాదం నిజంగా జరిగి, చెప్పేవారి జ్ఞాపకంలో అది ఆవిష్కరణకు దగ్గరగా జరిగి ఉండవచ్చు. మరణం 1908లో, స్టార్టరు 1911లో. మధ్యలో ఉన్న మూడేళ్ళు కథకు అడ్డు. కనుక కథ ఆ మూడేళ్ళను మింగేసింది. లేలాండ్ అప్పటికే డెల్కో నుంచి ఇగ్నిషన్ సామాగ్రి కొంటున్నాడు. కార్లకు విద్యుత్ దీపాలు కావాలన్న డిమాండు కూడా వస్తోంది. దీపాలకు బ్యాటరీ, బ్యాటరీకి జనరేటరు ఎలాగూ తప్పనప్పుడు స్టార్టరు వాటి పక్కనే వచ్చి చేరుతుంది. ఈ వివరణలో కన్నీళ్ళు లేవు, కానీ తేదీలు సరిపోతాయి. నా దృష్టిలో ఒక మరణం కంటే ఒక మార్కెట్టే ఇక్కడ బలమైన కారణం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ఊరిలో ఒక చెరువుకో వంతెనకో గుడికో చెప్పుకునే మూలకథను తీసుకోండి. అందులో తేదీ ఏదైనా ఉందా? ఆ తేదీని మరొక స్వతంత్ర ఆధారంతో పోల్చి ఇరవై పంక్తులలో రాయండి.

మన దగ్గర హ్యాండిల్ ఎందుకు అంత కాలం బతికింది?

1928 తరువాత బొంబాయిలో కూర్చిన బండ్లకు సెల్ఫ్ ఉండనే ఉంది. అయినా నా చిన్నతనంలో, అంటే 1960లలో, పెట్రోలు బండి ముందు హ్యాండిల్ కొట్టే దృశ్యం వింత కాదు. అంబాసిడరు కారుకు కూడా స్టార్టింగు హ్యాండిల్ ఇచ్చేవారు. సామాను ఉండి కూడా వాడకపోవడానికి కారణం బ్యాటరీ. సీసం పలకల బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరు పోయాలి, టెర్మినళ్ళ మీద పేరుకునే తెల్లటి ఉప్పును కడగాలి, డైనమో దానిని సరిగా ఛార్జి చేయాలి. తీర ప్రాంతపు తేమలో ఇనుము, సీసం, రాగి కలిసే ప్రతి చోటా తుప్పే. కొత్త బ్యాటరీకి డబ్బు కావాలి, క్లీనరు మాత్రం ఎలాగూ ఉన్నాడు. అతని జీతానికి హ్యాండిల్ కొట్టడం అదనం కాదు. శ్రమ చవకగా దొరికిన చోట యంత్రం తొందరపడదన్నది ఆర్థిక చరిత్రలో మనం పదేపదే చూసే సంగతి. గోదావరి డెల్టాలో వరి కోత యంత్రం ఎప్పుడు వచ్చిందో, కూలి రేట్లు అప్పుడు ఎలా ఉన్నాయో పోల్చి చూడండి.

హ్యాండిల్‌ను నిజంగా ఓడించింది డీజిలు లారీ. 1954లో టాటా-మెర్సిడెస్ లారీల ఉత్పత్తి మొదలైంది, 1955లో అశోక్ మోటార్స్ సంస్థ అశోక్ లేలాండ్ అయింది. (ఈ లేలాండ్ ఇంగ్లండులోని ఊరి పేరు మీద వచ్చిన కంపెనీ, హెన్రీ లేలాండ్‌తో ముడిపెట్టకండి. పరీక్షల్లో ఈ పొరపాటు చూస్తుంటాం.) పాత ఫోర్డ్ టి మోడలు ఇంజన్ గాలిని సుమారు నాలుగో వంతుకు అదిమేది. డీజిలు ఇంజన్ పదహారో వంతుకు, అంతకన్నా తక్కువకు అదుముతుంది. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజన్‌ను ఒక మనిషి చేతితో తిప్పడం అయ్యే పని కాదు. పొలాల్లో వాడే ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజన్ మాత్రం మినహాయింపు. దానికి బరువైన ఫ్లైవీలు ఉంటుంది, తలమీద ఒక చిన్న లివరు ఉంటుంది. లివరు ఎత్తి అదుముడు తప్పించి, చక్రం ఊపందుకునేదాకా హ్యాండిల్ తిప్పి, ఠక్కున లివరు వదిలితే ఇంజన్ అందుకుంటుంది. డెల్టా రైతు కుటుంబాల నుంచి వచ్చిన వారికి దీన్ని నేను వివరించనక్కరలేదు.

లారీకి అలాంటి దారి లేదు. సెల్ఫ్ పనిచేయకపోతే తోయాలి, లేదా రాత్రి పల్లంలోకి దిగే చోట నిలిపి తెల్లవారి దొర్లించాలి. కాబట్టి డీజిలు లారీ వచ్చిన ప్రతి రహదారి ఊరిలోనూ బ్యాటరీ ఛార్జింగు షాపు, ఆటో ఎలక్ట్రీషియన్, మోటారు వైండింగు షాపు పుట్టాయి. రాజమండ్రి-కొవ్వూరు మధ్య రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చాక ఈ రహదారి మీద రద్దీ పెరిగింది, వారి పని కూడా పెరిగింది. 1961లో మద్రాసు దగ్గర పాడిలో లూకాస్-టీవీఎస్ సంస్థ ఏర్పడి స్టార్టర్లు, డైనమోలు దేశంలోనే తయారవడం మొదలయింది. అంతకుముందు విదేశీ సామానుకు బదులు దొరకక పాతదాన్నే మళ్ళీ చుట్టుకోవలసి వచ్చేది. 1985లో చిత్తూరు జిల్లాలో స్థాపించిన అమరరాజా సంస్థ ద్వారా బ్యాటరీలు మన రాష్ట్రంలోనే తయారయ్యే రోజు కూడా వచ్చింది.

అమెరికాలో విద్యుత్ స్టార్టరును ఆడవాళ్ళ కోసమన్నట్టుగా ప్రకటించారు. స్త్రీలు స్వయంగా కారు నడపడానికి అది దోహదపడిందని అక్కడి చరిత్రకారులు రాశారు. మన దేశంలో ఆ పాత్ర కారుది కాదు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరుకు కిక్కు కొట్టనక్కరలేదు, మీట నొక్కితే చాలు. గేర్లు లేవు. ఆ తరువాతి దశాబ్దంలో స్కూటీ వచ్చింది. చీర కట్టుకున్న ఉపాధ్యాయిని బస్సు కోసం కాచుకోకుండా పక్క ఊరి బడికి వెళ్ళగలగడం వెనుక ఆ చిన్న మోటారు కూడా ఉంది.

లోపాన్ని తేల్చడం

ఇప్పుడు ఒక బండి దగ్గరకు వద్దాం. తాళం తిప్పారు, ఇంజన్ లేవలేదు. 'సెల్ఫ్ పోయింది' అని పక్కనున్నవారు వెంటనే తేల్చేస్తారు. మంచి మెకానిక్ ఆ మాటను వాంగ్మూలంగా వింటాడు, తీర్పుగా తీసుకోడు. ముందు హెడ్‌లైట్లు వేయించి అప్పుడు సెల్ఫ్ కొట్టమంటాడు. దీపాలు ఒక్కసారిగా కునికిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ వదులైంది, లేదా మోటారు బిగుసుకుపోయి కరెంటంతా మింగుతోంది. దీపాలు చెక్కుచెదరక, చప్పుడూ లేకపోతే కరెంటు మోటారుదాకా చేరడమే లేదు. తాళపు స్విచ్చి, రిలే, సన్నవైరు చూడాలి. 'టకటకటక' అని వరుసగా కొట్టుకుంటే ఎక్కువసార్లు అది బ్యాటరీ నీరసం. దీపాలు బాగా వెలుగుతూ ఒక్కటే గట్టి 'టక్' వినిపిస్తే సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండాలి, లేదా కార్బన్ బ్రష్షులు అరిగి ఉండాలి. మోటారు 'జుయ్'మని తిరుగుతూ ఇంజన్ కదలకపోతే బెండిక్స్ జారుతోంది. గరగరమని ఇనుము రాసుకుంటే రింగు పళ్ళు అరిగాయి.

చెవితో తెలిసినదాన్ని మీటరుతో సరిచూడాలి. కాసేపు ఊరకుంచిన, నిండా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కన్నా దిగువకు పడిపోతే ముందు అనుమానించవలసింది బ్యాటరీనే. బ్యాటరీ నిలబడి, మోటారు టెర్మినల్ దగ్గర మాత్రం వోల్టేజి తగ్గుతుంటే దోషం తీగది. మందపు తీగ రెండు చివరల మధ్య, సెల్ఫ్ కొడుతుండగా, అర వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. ఎర్త్ పట్టీని కూడా ఇలాగే చూడాలి. దానిని చాలామంది చూడరు, అది ఇంజన్ కింద మట్టి పట్టి కనబడకుండా ఉంటుంది. మోటారు ఒంటి మీద సుత్తితో మెల్లగా తట్టగానే బండి స్టార్టయిందనుకోండి. బాగయిందని సంతోషించకండి. అరిగిన బ్రష్షు కాస్త కదిలి అంటుకుంది, అంతే. బ్రష్షులు పోయాయనడానికి అది సాక్ష్యం. స్క్రూడ్రైవరుతో సొలినాయిడ్ టెర్మినళ్ళు కలిపి స్టార్టు చేసే అలవాటు కొందరికి ఉంది. బండి గేరులో ఉంటే అది ముందుకు దూకి, ఎదుటనో కిందనో ఉన్న మనిషి మీదికి వస్తుంది. అనుభవజ్ఞులు చేస్తున్నారని మీరు చేయకండి.

కెటరింగ్ ఆలోచన ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ మోటారు క్షణికమైన భారానికే పుట్టింది. పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకొని ఉంటే వైండింగు కాలుతుంది. ఒకసారి కొట్టాక అర నిమిషమైనా ఆగాలి. ఇంజన్ లేవకపోవడానికి కారణం డీజిలు రాకపోవడమైతే, పదేపదే సెల్ఫ్ కొట్టే డ్రైవరు ఉన్న లోపానికి మరో రెండు కలుపుకుంటాడు: బ్యాటరీ, మోటారు.

మోటారే పోయిందని తేలిందనుకోండి. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. మందపు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానరు దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులే. బండి కింద దూరవలసి వస్తే జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టకుండా స్టాండ్లు వేయాలి. తీగలు ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకొని విప్పి, రెండు మూడు బోల్టులు తీసేటప్పుడు చెయ్యి కింద ఆనించాలి. కారు మోటారే కొన్ని కిలోలుంటుంది, లారీది ఇంకా బరువు. మోటారు బయటికొచ్చాక ఆ ఖాళీలోంచి టార్చి వేసి రింగు పళ్ళు చుట్టూ తిప్పి చూడాలి. అరిగిన రింగుకు కొత్త మోటారు బిగిస్తే కొత్త పళ్ళు కూడా పోతాయి. కొత్తదాని వోల్టేజి 12వదా 24వదా, పళ్ళెన్ని, ఏ వైపు తిరుగుతుంది అన్నవి పాతదానితో పోల్చాలి. కూర్చునే చోట తుప్పూ గ్రీసూ గీకి శుభ్రం చేయాలి, ఎందుకంటే మోటారుకు ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది. షిమ్ములుంటే అవే తిరిగి వేయాలి. నెగటివ్ తీగ అన్నిటికన్నా చివర.

ఆధారాల క్రమం ఎంత జాగ్రత్తగా ఉందో గమనించండి. ముందు తేలికగా పరీక్షించగలిగినవి, తరువాత విప్పవలసినవి. ముందు చవకైన కారణం, తరువాత ఖరీదైనది. రోజు కిరాయితో వాయిదా కట్టుకునే ఆటో డ్రైవరుకు ఈ క్రమమే ముఖ్యం. తుప్పు పట్టిన టెర్మినల్‌ను కడిగితే పోయేదానికి కొత్త సెల్ఫ్ కొనిపిస్తే అతని కొన్ని రోజుల సంపాదన పోతుంది.

మరమ్మతా, మార్పిడా?

పాత సెల్ఫ్ విప్పితే బుష్‌లు, బ్రష్షులు, ఫీల్డ్ కాయిళ్ళు, ఆర్మేచరు అన్నీ విడివిడిగా కనబడేవి. బుష్ అరిగితే బుష్ వేయాలి, కాయిల్ కాలితే రాగితీగ చుట్టాలి. 1986 గోదావరి వరదల్లాంటి ముంపులో నీళ్ళు తాగిన మోటార్లను కూడా విప్పి, ఆరబెట్టి, వార్నిషు పట్టించి బతికించగల పని అది. కొత్త తరం స్టార్టర్లలో ఫీల్డ్ కాయిళ్ళ స్థానంలో శాశ్వత అయస్కాంతాలు, లోపల వేగం తగ్గించే పళ్ళచక్రాలు వచ్చాయి. చిన్నవి, తేలిక, బ్యాటరీకి శ్రమ తక్కువ. అయితే చుట్టడానికి అందులో ఫీల్డ్ కాయిలే లేదు. చెడితే మొత్తం మార్చడమే ఎక్కువ. బండి యజమానికి సమయం కలిసొస్తుంది, వైండింగు చేసే చేతికి పని తగ్గుతుంది. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో, సాంకేతిక చరిత్రను ఆవిష్కరణల నుంచి కాక వాడకం, మరమ్మతుల నుంచి రాయాలని వాదించాడు. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో భారతదేశపు సైకిళ్ళు, కుట్టుమిషన్లు, టైపురైటర్లు, బియ్యపు మిల్లుల చరిత్రను ఆ దారిలోనే రాశాడు. వైండింగు షాపు చరిత్ర ఇంకా మీలో ఎవరైనా రాయవలసిందే.

ఆలస్యం చేయడానికి లేదు. రోడ్ల మీదికి విద్యుత్ ఆటోలు వస్తున్నాయి. వాటికి సెల్ఫ్ ఉండదు, అవసరం లేదు. 1912కు ముందు అమెరికాలో విద్యుత్ కారు అమ్ముడుపోవడానికి ఒక కారణం అది హ్యాండిల్ లేకుండా కదలడం. కెటరింగ్ మోటారు ఆ సౌకర్యాన్ని పెట్రోలు కారుకు తెచ్చిపెట్టి విద్యుత్ కారును వెనక్కి నెట్టడంలో చెయ్యి వేసింది. నూరేళ్ళ తరువాత ఇప్పుడు అదే విద్యుత్ బండి తిరిగొచ్చి సెల్ఫ్‌నే అనవసరం చేస్తోంది.

క్షేత్ర అభ్యాసం: మీ అధ్యయన కేంద్రానికి దగ్గరలో అరవై దాటిన ఆటో ఎలక్ట్రీషియన్‌ను గానీ పాత లారీ డ్రైవరును గానీ కలవండి. అనుమతి తీసుకొని ఆయన మాటల్లోనే రాసుకోండి. పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదటి జీతమెంత, హ్యాండిల్ చివరిసారి ఎప్పుడు పట్టారు, ఏ బండికి? జ్ఞాపకంలో సంవత్సరాలు జరుగుతాయని కార్టర్ కథలో చూశాం. కనుక 'ఏ సంవత్సరం' అని కాక, 'వంతెన పడక ముందా తరువాతా', 'వరదలకు ముందా తరువాతా', 'మీ పెద్దబ్బాయి పుట్టాకా' అని అడగండి. షాపులో పాత బిల్లు పుస్తకాలుంటే చూపించమనండి. వాటిలో తేదీ, బండి నంబరు, వేసిన సామాను, తీసుకున్న రూపాయలు ఉంటాయి.